నాన్న ప్యాంటు మడత

1958 మార్చి 3, సోమవారం

మా ఉన్ని పరిశోధనశాల అధిపతి డాక్టర్ పికర్స్‌గిల్ ఈరోజు నన్ను కూర్చోమన్నారు. పదకొండేళ్ళుగా ఆయన గదిలో నిలబడే మాట్లాడాను. కుర్చీ చూపించగానే సంగతి అర్థమైపోయింది.

జూన్ నెలాఖరుకి మా విభాగం మూసేస్తారట. విభాగం అంటే నేను, ఒక బల్ల, ఒక ఎక్స్‌రే యంత్రం.

"ఉన్ని దారం లోపల ప్రొటీన్ ఎలా చుట్టుకుని ఉంటుందో చాలా అందంగా గీశారు, మిస్ హెప్‌వర్త్. కానీ దీనివల్ల ఒక్క గజం బట్టయినా బాగుపడిందా అని బోర్డువాళ్ళు అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

జూలై నుంచి నేను క్లెగ్ దగ్గర పనిచేయాలి. ఉన్ని కడిగిన నీళ్ళలోంచి జిడ్డు తీసే విభాగం.

నాకేం బాధగా లేదు. జిడ్డు కూడా శాస్త్రమే.

మార్చి 4

నాకేం బాధగా లేదు. బస్సులో గొడుగు మరిచిపోయాను.

మార్చి 5

గొడుగు దొరకలేదు. బాధ కూడా లేదు.

మార్చి 9, ఆదివారం

భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మిల్లులో బట్టకి చివరి మెరుగులు పెట్టే గదికి నలభయ్యారేళ్ళు మేస్త్రీగా చేసిన మనిషి. రిటైరై ఏడేళ్ళయినా ఇప్పటికీ ఎవరి కోటు అంచయినా వేళ్ళతో నలిపి చూడనిదే పలకరించడు.

"జిడ్డా?" అన్నాడు గొడ్డుమాంసం కోస్తూ. "జిడ్డు మంచిదే. జిడ్డుకి గిరాకీ ఉంది."

"నాన్నా, నేను పదకొండేళ్ళు ప్రొటీన్ మీద పనిచేశాను."

"చేశావులే. స్ప్రింగుల బొమ్మలు గీశావు. నేను నలభయ్యారేళ్ళు ఉన్ని పట్టుకున్నాను. ఒక్క స్ప్రింగూ నా చేతికి గుచ్చుకోలేదు."

"మరి తడిపి లాగితే ఉన్ని ఎందుకు సాగుతుంది? వదిలితే ఎందుకు మళ్ళీ ముడుచుకుంటుంది? లోపల గొలుసు చుట్టలు చుట్టుకుని ఉంది కాబట్టే."

"ఉన్ని కాబట్టి సాగుతుంది. మా నాన్న కాలంలోనూ సాగేది, ఏ గొలుసూ లేకుండానే."

మార్చి 10

పొద్దున గుడ్డు ఉడకబెట్టి పెడితే చెంచాతో టకటకా కొట్టి, "ఇదెందుకు గట్టిపడిందో చెప్పు, శాస్త్రవేత్తవి కదా" అన్నాడు.

చెప్పాను. పచ్చిగుడ్డు సొనలో ప్రొటీన్లు ఒక్కొక్కటీ దేనికది ఉండల్లా మడుచుకుని ఉంటాయని, వేడికి ఆ మడతలు విడిపోయి, విప్పుకున్నవన్నీ ఒకదాన్నొకటి పెనవేసుకుని చిక్కుపడతాయని, ఆ చిక్కు మళ్ళీ విడదీయడం ఎవరివల్లా కాదని. బస్సు దాటిపోయేంత వివరంగా చెప్పాను.

నాన్న విన్నాడు. "అదేం కాదు. ఐదు నిమిషాలు ఉంచావు. నేను నాలుగన్నాను" అన్నాడు.

మార్చి 19

మా ఆఫీసులో టైపు చేసే బెరిల్ జుట్టు నిన్నటిదాకా వాన ధారలా నిటారుగా ఉండేది. ఈరోజు తలంతా రింగులు. గదంతా కుళ్ళిన గుడ్ల కంపు.

"మా అక్క వేసింది, ఇంట్లోనే," అంది. "మందు రాసి, గొట్టాలకి చుట్టి, ఇంకో మందు పోసింది. మూడు నెలలు ఉంటుందట. తలంటుకున్నా పోదట. కంపు మాత్రం రెండు రోజుల్లో పోతుందంది. పోతుంది కదా మిస్?"

టీ చల్లారేదాకా ఆ పిల్ల తలవైపే చూస్తూ నిలబడ్డాను. ఆ పిల్ల భయపడి అద్దం తెచ్చుకుంది.

జుట్టూ ఉన్నీ ఒకే జాతి ప్రొటీన్. గొలుసు మడతల్ని పట్టి ఉంచేవి రెండు రకాల బంధాలు. చిన్నవి లక్షలకొద్దీ ఉంటాయి, నీళ్ళు తగిలితే వదిలేస్తాయి. అందుకే ఎంత నొక్కి ఇస్త్రీ చేసినా వాన పడితే మడత పోతుంది. రెండోవి గంధకం వంతెనలు. తక్కువే, కానీ నీళ్ళకి లొంగవు. బెరిల్ అక్క మొదటి మందు ఆ వంతెనల్ని విరిచింది. గొట్టాలు జుట్టుని వంచాయి. రెండో మందు వంచినచోటే మళ్ళీ వంతెనలు కట్టింది.

పదకొండేళ్ళుగా ఆ వంతెనలు గీస్తున్నాను. ఒక ప్యాంటు మీద కట్టి చూడాలని ఒక్కనాడూ తోచలేదు. సముద్రాల అవతల ఎవరో మొదలుపెట్టారని ఆ మధ్య పత్రికలో చదివాను కూడా. చదివి, మడిచి, సొరుగులో పెట్టాను.

ఏప్రిల్ 2

మిల్లుకి వెళ్ళాను. ఆవిరి ఇస్త్రీ యంత్రం దగ్గర సేత్ క్రాబ్‌ట్రీ అని ఒకాయన ఉన్నాడు. నాన్న చేతికింద పని నేర్చుకున్నవాడు. భార్య పోయి ఆరేళ్ళు. (ఇది ప్రయోగానికి అవసరం లేని సంగతి.)

బట్ట పేలికకి ఆ మొదటి మందు చల్లి ఇచ్చాను. వాసన చూశాడు.

"మా ఆవిడ వాసన" అన్నాడు.

నేను సీసా మూత బిగించాను.

"జుట్టుకి రాసుకునేది" అన్నాడు ఆయనే, మెల్లగా. తర్వాత పేలిక మడిచి, యంత్రం మూత దించి, రెండో మందుకి బదులు ఆవిరి వదిలాడు. అరనిమిషం. తీస్తే కత్తి అంచులా ఉంది మడత. పెద్ద చేతులు, కానీ తడిబట్టని పట్టుకునే పద్ధతి చాలా సున్నితం. (ఇది ప్రయోగానికి అవసరమైన సంగతే.)

పేలికని బకెట్లో నానబెట్టి వచ్చాను.

ఏప్రిల్ 5

మూడు రోజులు నీళ్ళలో ఉంది. తీసి పిండాం, దులిపాం, ఆరేశాం. మడత అక్కడే ఉంది. క్రాబ్‌ట్రీ గారు టోపీ తీసి బకెట్‌కి వంగి దండం పెట్టారు.

ఏప్రిల్ 6, ఈస్టర్

నాన్నకి పేలిక చూపించాను. నలిపాడు, లాగాడు, వెలుగుకి పెట్టి చూశాడు.

"పేలిక మీద ఏదైనా నిలుస్తుంది. ప్యాంటు మీద నిలవాలి. లోపల మనిషి నడవాలి."

ఏప్రిల్ 22

మనిషి నడవబోతున్నాడు. ఒకరు కాదు, ఇరవై నలుగురు.

మిల్లు బ్యాండుకి క్రాబ్‌ట్రీ గారే కార్యదర్శి. ఆయన వచ్చి డాక్టర్ పికర్స్‌గిల్ ముందు టోపీ నలుపుతూ చెప్పారు: "పెంతెకొస్తు పండగ తర్వాతి శుక్రవారం హోల్మ్‌గేట్‌లో బ్యాండ్ల పోటీ ఉంది కదండీ. పోయినేడు వానకి మా ప్యాంట్లు గోనెసంచులయ్యాయి. తీర్పరి మమ్మల్ని జైల్లోంచి తప్పించుకొచ్చినవాళ్ళం అనుకున్నాడు. మిస్ హెప్‌వర్త్ గారి మందు కొట్టించుకుంటాం."

ఆ పోటీకి బోర్డు అధ్యక్షుడు ఆర్మిటేజ్ గారు ఏటా వస్తారు. మిల్లు ఆయనదే. డాక్టర్ పికర్స్‌గిల్ ఉత్తరం రాశారు, ఆయన జవాబిచ్చారు: ప్యాంట్లు నిలిస్తే విభాగం సంగతి మళ్ళీ ఆలోచిస్తాం.

అంటే పదకొండేళ్ళ నా పని ఇప్పుడు ఇరవై నాలుగు ప్యాంట్ల మీద ఆధారపడి ఉంది. అందులో ఒకటి మా నాన్నది. బ్యాండులో ముప్ఫయ్యేళ్ళుగా అందరికన్నా పెద్ద బూర ఆయనే ఊదుతున్నాడు.

మే 10, శనివారం

ప్యాంట్లన్నీ మిల్లులో వరసగా వేలాడదీసి నేను మందు చల్లుతూ వచ్చాను. క్రాబ్‌ట్రీ గారు ఒక్కొక్కటీ ఆవిరి కింద పెడుతూ వచ్చారు. ఇరవై మూడు అయ్యాయి. ఇరవై నాలుగోది నాన్న కొక్కెం మీంచి లాక్కున్నాడు.

"మేస్త్రీ, ఇటివ్వు, అరనిమిషం పని" అన్నారు క్రాబ్‌ట్రీ గారు.

"ఇస్త్రీ పట్టుకోవడం నీకు నేర్పిందెవడురా? నా ప్యాంటు నువ్వు ఇస్త్రీ చేస్తావా? నా పరుపుంది నాకు. పెళ్ళిచేసుకున్ననాటి నుంచి దాని కిందే పెడుతున్నాను."

"నాన్నా, అది తడిగా ఉంది! మందు ఇంకా..."

"తడిగా ఉంటేనే బాగా పడుతుంది" అంటూ తడిప్యాంటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మే 11

పొద్దున్నే వంటింట్లో నాన్న తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో ప్యాంటుని ఒక నొక్కు నొక్కుతున్నాడు. ఆవిరి లేచింది. కళ్ళజోడు లేదు. "ప్రార్థనకి వేళవుతోంది, తప్పుకో" అన్నాడు.

ఎలా వచ్చిందని అడిగాను. "రావాల్సినట్టే" అన్నాడు. ప్యాంటు వీపు వెనక దాచి మెట్లెక్కాడు.

మే 13

ఒక వింత. నాన్న బూర మానేశాడు. కట్టుడుపళ్ళు వదులయ్యాయట, ఊదితే ఎగిరి ముందువాడి మెడ మీద పడేలా ఉన్నాయట. ఇకనుంచి పెద్ద డోలు వాయిస్తాడట. డోలు వాయించే హార్గ్రీవ్స్‌ని బతిమాలి మార్పించుకున్నాడు. ఇంట్లో మాత్రం అవే పళ్ళతో ఎండిన రొట్టె పటపటా కొరికేస్తున్నాడు.

మే 16

పెరట్లో వేడినీళ్ళ బకెట్. ఎందుకని అడిగితే కాళ్ళు నొప్పులన్నాడు.

మే 19

పక్కింటావిడ ఇస్త్రీపెట్టె మా ఇంట్లో ఉంది. ఎదురింటావిడదీ ఉంది. నాన్నకి వయసు మీద పడుతోంది. డాక్టరుకి చూపించాలి.

మే 21

వాననీళ్ళ పీపా మీద రెండు బండరాళ్ళు. "దోమలు" అన్నాడు. మా ఊళ్ళో దోమలు!

మే 23

బయటపడింది. నేను త్వరగా ఇల్లు చేరాను. నాన్న లేడు. తీగ మీద ప్యాంటు ఆరుతోంది.

రెండొందల పౌన్ల బరువున్న మనిషి రాత్రంతా అటూ ఇటూ దొర్లితే పరుపు కింద ప్యాంటు ఏమవుతుందో అదే అయింది. కుడికాలి మడత నడుం దగ్గర బయల్దేరి మోకాలు మీదుగా అడ్డంగా పోయి మడమ దగ్గర లోపలివైపు తేలింది. ఎడమకాలిది ఎక్కడో పిక్క వెనక ఉంది. కూర్చునే చోట పరుపుకి కుట్టిన బొత్తాల గుర్తులు, అయిదు, గుండ్రంగా. అన్నీ కత్తి అంచుల్లా ఉన్నాయి. అప్పుడు తెలిసింది, పెద్ద డోలు ఎందుకో. అది మెడలో వేసుకుంటే ముందు గడ్డం నుంచి మోకాళ్ళ కిందిదాకా ఏమీ కనపడదు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపల వంతెనలన్నీ చక్కగా కట్టుకున్నాయి. ప్రొటీన్ తప్పేం చేయలేదు. ఎలా మడిచి పట్టుకున్నారో అలాగే నిలిచింది.

నాన్న వచ్చాక అన్నాను: "నాన్నా, దాన్ని ఇటివ్వు. మందు మళ్ళీ చల్లి వంతెనలు విడగొట్టి, సరిగ్గా మడిచి ఆవిరి పెడితే పది నిమిషాల్లో బాగవుతుంది."

"దేన్ని?"

"ఆ మడతని."

"ఏ మడత?" అన్నాడు మా నాన్న ఆ ప్యాంటు పక్కనే నిలబడి.

మే 26

మళ్ళీ అడిగాను. "ఏ మడత?"

మే 29

అడగలేదు. రేపే పోటీ. నాకేం కంగారుగా లేదు. టీలో ఉప్పు వేసుకున్నాను.

మే 31, శనివారం

నిన్నటిది ఈరోజు రాస్తున్నాను.

మధ్యాహ్నం రెండింటికి వాన మొదలైంది. మామూలు వాన కాదు, కొండ మీంచి అడ్డంగా కొట్టే వాన. హోల్మ్‌గేట్ వీధికి రెండువైపులా జనం గొడుగులేసుకుని నిలబడ్డారు. మా ముందు నడిచిన బ్యాండు ప్యాంట్లు మోకాళ్ళ దగ్గర సంచుల్లా వేలాడుతున్నాయి. తర్వాత మావాళ్ళు మలుపు తిరిగారు. ఇరవై మూడు ప్యాంట్లు, నలభయ్యారు గీతలు, వాన వాటి మీంచి జారిపోతోంది. వెనకాల నాన్న, డోలు కింద రెండు బూట్లు మాత్రమే కనిపిస్తూ.

జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళు దగ్గరికి వచ్చేకొద్దీ చప్పట్లు తగ్గాయి.

తడిసేసరికి వాసన లేచింది.

"మురిక్కాలువ పొంగినట్టుంది" అన్నాడు నా పక్కనున్న పెద్దమనిషి.

"కాలువ కాదయ్యా," అంది ఆయన భార్య, గాలి పీల్చి. "ఎవరో జుట్టు రింగులు వేయించుకుంటున్నారు. ఈ వానలో ఎవరమ్మా అది?" ఆ వరసలో ఆడవాళ్ళందరూ ఒకళ్ళ తలలొకళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు.

ఊదేవాళ్ళు ముక్కు మూసుకోవడానికి లేదు. క్రాబ్‌ట్రీ గారు చిన్న బూర ఊదుతూనే నావైపు చూసి కనుబొమ్మలు ఎగరేశారు. కళ్ళలో నీళ్ళు. వాసనకే.

పోటీ అయ్యాక చర్చి పక్కన బడి గదిలో టీలు, మాంసం కూరి కాల్చిన పైలు. ఆర్మిటేజ్ గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి ప్యాంట్లు ఒక్కొక్కటీ చూశారు. డాక్టర్ పికర్స్‌గిల్ వెనకే ఉన్నారు, నా వంక చూడకుండా.

"బాగున్నాయి. చాలా బాగున్నాయి," అన్నారు ఆర్మిటేజ్ గారు. "కానీ అమ్మా, నేనూ ఉన్నిలో పుట్టి పెరిగినవాణ్ణే. క్రాబ్‌ట్రీ లాంటి పనివాడు పొద్దున్నే గట్టిగా నొక్కి ఇస్తే ఒక పూటకి నిలవదూ? ఇది మీ మందు గొప్పో, క్రాబ్‌ట్రీ చెయ్యి గొప్పో నాకెలా తెలుస్తుంది?"

పదకొండేళ్ళుగా ఎవరైనా ఈ ప్రశ్న అడుగుతారని ఎదురుచూశాను. నోరు తెరిచి, "గంధకం వంతెనలు..." అన్నాను. ఆయన గడియారం చూసుకున్నారు.

గది చివర్నుంచి ధబ్బుమని చప్పుడు. నాన్న మెడలోంచి డోలు తీసి నేల మీద పెట్టాడు. జనాన్ని పక్కకి తోసుకుంటూ గది మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

అడ్డంగా పోయిన మడతలు అందరికీ కనిపించాయి. తర్వాత వెనక్కి తిరిగాడు. అయిదు బొత్తాలు. హార్గ్రీవ్స్ తింటున్న ముక్క పొరబోయి దగ్గాడు.

"అయ్యా," అన్నాడు నాన్న మళ్ళీ ఇటు తిరిగి, "మీ నాన్నగారి దగ్గరా మీ దగ్గరా నలభయ్యారేళ్ళు ఆ గది నడిపాను. నేను ఇస్త్రీ చేసిన బట్టకి ఒక్కనాడైనా వంక పెట్టారా?"

"లేదు, ఈనక్. ఎన్నడూ లేదు."

"మరి ఇలాంటి మడత నేను కావాలని వేసుకుంటానా? ఒళ్ళు తెలిసినవాడెవడైనా వేసుకుంటాడా? పరుపు కింద పెట్టి పడుకున్నాను, పొరబడ్డాను. తర్వాత దీంతో దాదాపు మూడు వారాలు కుస్తీ పట్టానండీ. వేడినీళ్ళలో ముంచాను. చన్నీళ్ళలో ముంచాను. మూడు కొంపల ఇస్త్రీపెట్టెలు తెచ్చి నొక్కాను. వాననీళ్ళ పీపాలో బండరాళ్ళ కింద రెండు రోజులు ఉంచాను. ఈరోజు దేవుడు కూడా తనవంతు పోశాడు. చూడండి, ఒక్క వెంట్రుకవాసి కదిలిందేమో! మీ తాతగారు కట్టించిన గోడయినా పడుతుందేమో గానీ ఇది పోదు."

కాస్త ఊపిరి తీసుకున్నాడు. నావైపు చూడలేదు.

"మడత నాది. దాన్ని పోకుండా పట్టుకున్నది మాత్రం మా అమ్మాయి."

ఆర్మిటేజ్ గారు రుమాలు జేబులో పెట్టుకుని, అంత పెద్దమనిషీ మోకాలి మీద కూర్చుని, నాన్న ప్యాంటు కాలు పట్టుకుని లాగారు, పిండారు, నలిపారు. వదిలేశారు. మడత ఎక్కడికీ పోలేదు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు.

"ఈ వాసన సంగతేమిటమ్మా?" అన్నారు లేస్తూ.

"దాని మీద పనిచేయాలండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఒక ఏడాది పడుతుంది."

డాక్టర్ పికర్స్‌గిల్ నాకు కుర్చీ తెచ్చి వేశారు.

జూన్ 2

ఏడాది ఇచ్చారు. బెరిల్‌ని సగం పూట నాకు సహాయానికి పంపుతారట, వాసన విషయంలో అనుభవం ఉంది కాబట్టి. క్లెగ్‌కి ఈ కబురు నేనే వెళ్ళి చెప్పాను. చాలా మర్యాదగా, రెండుసార్లు చెప్పాను.

బ్యాండుకి నాలుగో స్థానం వచ్చింది. తీర్పరి చీటీలో ఉంది: "వాయిద్యం ఫరవాలేదు. దుస్తులు అద్భుతం. ఎవరైనా డాక్టరుకి చూపించుకుంటే మంచిది."

జూన్ 5

క్రాబ్‌ట్రీ గారు ప్రయోగశాలకి వచ్చారు. శనివారం పార్కులో బ్యాండు వాయిస్తుందట. "మీరొస్తే… ప్యాంట్లు ఎలా ఉన్నాయో చూసుకోవచ్చు" అన్నారు, టోపీ నలుపుతూ.

పరిశీలన కొనసాగించడం అవసరమే కాబట్టి వస్తానన్నాను. పరిశీలనకి నీలం గౌను వేసుకుంటాను.

జూన్ 8, ఆదివారం

నాన్న ప్యాంటు సరిచేస్తానని మళ్ళీ చెప్పాను. ముట్టుకోనివ్వలేదు. ఊళ్ళో వాళ్ళు ఇంటికొచ్చి చూసిపోతున్నారు. నిన్న ఎవరో ఫోటో కూడా తీశారట.

భోజనం అయ్యాక కత్తీ ఫోర్కూ పక్కన పెట్టి అన్నాడు: "ఒకటి అడుగుతాను, నవ్వకు."

"నవ్వను."

"ప్యాంటుని క్రాబ్‌ట్రీ మడుస్తాడు. లేదా పరుపు మడుస్తుంది. బాగానే ఉంది. గొర్రె ఒంటి మీద ఉన్నప్పుడు, నువ్వు చెప్పే ఆ లోపలి గొలుసుని ఎవరు మడుస్తారు?"

పదకొండేళ్ళలో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. గుడ్డు ప్రశ్న కాదు, నిజమైన ప్రశ్న.

"ఎవరూ మడవరు నాన్నా. అదే మడుచుకుంటుంది. ప్రతిసారీ ఒకేలా."

"ఎలా మడుచుకోవాలో దానికెవరు చెప్తారు?"

"గొలుసులో పూసలు ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలోనే ఆ రహస్యం ఉందేమోనని నా అనుమానం. కొన్ని పూసలకి నీళ్ళంటే పడదు, అవి లోపలికి నక్కుతాయి. కొన్ని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కానీ అంత పొడుగు గొలుసు అంత త్వరగా సరైన మడత ఎలా వెతుక్కుంటుందో... తెలియదు."

"నీకు తెలియదా?"

"ఎవరికీ తెలియదు."

"పికర్స్‌గిల్‌కి?"

"ఆయనకి అసలే తెలియదు."

నాన్న కిటికీలోంచి చూశాడు. ఎదురు కొండ మీద గొర్రెలు వానలో తలొంచుకుని మేస్తున్నాయి. వాటినే ఒక్కొక్కదాన్నీ తేరిపార చూశాడు, ఇన్నాళ్ళూ తనని మోసం చేశాయన్నట్టు. తర్వాత నావైపు తిరిగాడు. నిజంగానే కోపంగా ఉన్నాడు.

"మరి ఒక్క ఏడాదే ఎందుకడిగావే, పిచ్చిపిల్లా?"